ఏఆర్88డిలో 3, 4, 5 స్థానాలు మూగబోయాయి: 455 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ నిజంగా పోయిందా?

కోడంబాకం_తరంగం (చెన్నై)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు 1960ల చివరలో ఇక్కడి మూర్ మార్కెట్‌లో కొన్న ఆర్‌సీఏ ఏఆర్88డి షార్ట్‌వేవ్ రిసీవరు ఈ మధ్యే నా చేతికి వచ్చింది. 1985లో ఆ మార్కెట్ కాలిపోయేదాకా యుద్ధకాలపు మిగులు సామాను అక్కడ దొరికేదని ఆయన చెప్తూ ఉండేవారు. పధ్నాలుగు వాల్వుల సెట్టు. ఇద్దరం పట్టుకుంటే గాని బల్ల మీదికి ఎక్కలేదు.

విషయం ఇది. సెలెక్టివిటీ స్విచ్చి (పక్క స్టేషన్లను ఎంత గట్టిగా వేరు చేయాలో పెట్టుకునేది) 1, 2 స్థానాల్లో ఉన్నప్పుడు రేడియో చక్కగా పలుకుతోంది. రాత్రి తొమ్మిది దాటితే విజయవాడ 837 కిలోహెర్ట్జ్ స్టేషను కూడా స్పష్టంగా వినిపిస్తోంది. అదే స్విచ్చిని 3కు తిప్పగానే స్టేషను ఎక్కడో పక్క వీధిలోకి వెళ్లిపోయినట్లు పలచబడిపోతుంది. 4, 5 స్థానాల్లో సన్నని హోరు తప్ప ఏమీ మిగలదు. స్విచ్చి కాంటాక్టులను శుభ్రం చేశాను, ఫలితం లేదు. పదేళ్ల క్రితం ఒక మెకానిక్ సెట్టు మొత్తం ట్యూన్ చేసి ఇచ్చారట. అప్పటి నుంచే ఇలా ఉందని మా నాన్నగారు అంటున్నారు. క్రిస్టల్ బయటికి తీసి మల్టీమీటరుతో రెండు పిన్నుల మధ్య చూస్తే ఏ రేంజిలోనూ ముల్లు కదలలేదు. క్రిస్టల్ చచ్చిపోయిందని ఇద్దరు ముగ్గురు తేల్చేశారు. విదేశం నుంచి తెప్పించాలంటే ఖర్చు ఎక్కువ అవుతుంది కనుక, ఆ పని చేసే ముందు మీ సలహా కోరుతున్నాను.

రిచీవీధి_నేస్తం (చెన్నై)

విదేశం దాకా ఎందుకండీ? పాత టీవీ రిమోట్లలో 455 కిలోహెర్ట్జ్ సిరామిక్ రెసొనేటరు ఉంటుంది. దాని పౌనఃపున్యాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చే సుమారు 38 కిలోహెర్ట్జ్‌నే రిమోట్లు వాడుకునేవి. రిచీ స్ట్రీట్‌లో పాత సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే పది రూపాయలకు ఇస్తారు. క్రిస్టల్ స్థానంలో దాన్ని పెట్టి చూడండి.

వాల్వుల_మాస్టారు (బెంగళూరు)

కోడంబాకం గారూ, మీ క్రిస్టల్ పోయిందనడానికి మీరు రాసిన దానిలో ఒక్క ఆధారం కూడా నాకు కనబడలేదు. క్వార్ట్జ్ విద్యుత్తును పారనివ్వని పదార్థం. అందువల్ల దివ్యమైన క్రిస్టలైనా రెండు ముక్కలైన క్రిస్టలైనా మల్టీమీటరుకు ఒకేలా కనిపిస్తాయి. నిజానికి ముల్లు కదిలి ఉంటేనే భయపడవలసింది. అప్పుడు హోల్డరు లోపల తేమో తుప్పో చేరి లీకేజీ ఏర్పడిందని అర్థం. మీ దగ్గర కెపాసిటెన్సు కొలిచే మీటరు ఉంటే దానితో చూడండి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య క్వార్ట్జ్ ఉంది కాబట్టి కొన్ని పికోఫారడ్లు తప్పక చూపించాలి. తీగల సొంత కెపాసిటెన్సు తీసేశాక సున్నా మిగిలితే లోపల కనెక్షను తెగిందని నమ్మవచ్చు. అంకె వచ్చినంత మాత్రాన క్రిస్టల్ కంపిస్తుందని రుజువు కాదు గాని, తెగలేదన్న సంగతి మాత్రం తేలుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ సెట్టులో ఈ క్రిస్టల్ ఆసిలేటరుగా పనిచేయదు, ఐ.ఎఫ్. (ఏ స్టేషను సిగ్నలునైనా సెట్టు ముందుగా మార్చుకునే ఒకే మధ్యంతర పౌనఃపున్యం) మార్గంలో ఫిల్టరుగా కూర్చుంది. 1, 2 స్థానాల్లో సిగ్నలు దాన్ని దాటుకుని పోతుంది. 3 నుంచి దాని గుండానే పోవాలి. క్రిస్టల్ తన అనునాద పౌనఃపున్యం దగ్గర మాత్రమే దారి ఇస్తుంది, అటు ఇటు ఒకటి రెండు కిలోహెర్ట్జ్ తప్పినా 5వ స్థానంలో తలుపు మూసుకుపోతుంది. హోల్డరు మీద ఏ అంకె ఉన్నా, ఎనభై ఏళ్ల నాటి ఆ ముక్క అచ్చంగా 455 దగ్గరే ఉండాలన్న నియమం లేదు, ఉండనవసరమూ లేదు. ఆ క్రిస్టల్ ఎక్కడ కంపిస్తుందో ముందు కనిపెట్టి, ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్లన్నిటినీ దానికి సరిపోయేలా తిప్పడమే ఇలాంటి సెట్లకు సరైన పద్ధతి. ఈ సంగతి తెలియని మెకానిక్ సిగ్నల్ జనరేటరు డయల్ మీద 455 పెట్టుకుని ఆ ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లు (లోపలి సర్దుబాటు ముక్కలు) తిప్పేస్తాడు. ఆ జనరేటరే నాలుగైదు కిలోహెర్ట్జ్ తప్పు చూపిస్తూ ఉంటే, 1, 2 స్థానాలు వెడల్పుగా ఉండటం వల్ల అక్కడ ఏ తేడా తెలియదు, క్రిస్టల్ స్థానాల్లో మాత్రం సెట్టు మూగబోతుంది. నేను చూసిన పాత కమ్యూనికేషన్ రిసీవర్లలో క్రిస్టల్ పోయిందని పక్కన పడేసిన వాటిలో చాలావాటికి వచ్చిన జబ్బు ఇదే.

ఏ పరికరమూ లేకుండా ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మధ్యతరంగాల బ్యాండులో మీ ఊరి 720 కిలోహెర్ట్జ్ స్టేషను, రాత్రి పూట విజయవాడ 837 డయల్ మీద ఎక్కడ వస్తున్నాయో జాగ్రత్తగా చూసి రాయండి. సెట్టులోని లోకల్ ఆసిలేటరు స్టేషను కంటె ఐ.ఎఫ్. అంత ఎత్తులో నడుస్తుంది. ఐ.ఎఫ్. ఎక్కువ పౌనఃపున్యానికి జరిగిపోతే, ఆ స్టేషనును పట్టుకోవడానికి ఆసిలేటరును కూడా అంతే పైకి తీసుకుపోవాలి, అంటే సూది అసలు అంకె దాటి ఎక్కువ వైపు నిలుస్తుంది. స్టేషన్లన్నీ ఒకే దిశలో దాదాపు ఒకే మేరకు జరిగి కనిపిస్తే ఐ.ఎఫ్. మీద అనుమానం బలపడుతుంది. ఇది రుజువు కాదు, వెతకవలసిన దిక్కు మాత్రమే.

రిచీవీధి_నేస్తం గారి సలహా దుకాణానికి పరుగెత్తేవారికి బాగుంటుంది గాని, సిరామిక్ రెసొనేటరు క్యూ విలువ (అనునాదం ఎంత సన్నగా ఉంటుందో చెప్పే అంకె) క్వార్ట్జ్‌కు చాలా దూరం. దానితో 5వ స్థానం ఇచ్చే సన్నని దారి రాదు. పైగా ఐ.ఎఫ్. తప్పిపోయి ఉంటే 455 రెసొనేటరు కూడా ఇంతే మూగగా ఉంటుంది, మీరేమో అదీ చెడిపోయిందని అనుకుంటారు.

రిచీవీధి_నేస్తం (చెన్నై)

మాస్టారూ, చివరి వాక్యంతో ఒప్పుకుంటున్నాను. కాని అందరి దగ్గరా మంచి క్రిస్టల్ దొరకదు కదా. వార్తలు వినడానికి మాత్రమే వాడుకునేవారికి రెసొనేటరు పెట్టిన సెట్టు మూలన పడి ఉన్న సెట్టు కంటె మేలని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

వాల్వుల_మాస్టారు (బెంగళూరు)

క్రిస్టల్ నిజంగానే విరిగిందని తేలితే మీ మాటే సరి. తేలకముందు మాత్రం వద్దు.

కోడంబాకం_తరంగం (చెన్నై)

మాస్టారూ, మీరు చెప్పినట్టే చూశాను. 720 స్టేషను డయల్ మీద 725 దగ్గర, విజయవాడ 842 దగ్గర వస్తున్నాయి. సూది మందం వల్ల ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు గాని, రెండూ ఎక్కువ వైపే ఉన్నాయి. కెపాసిటెన్సు మీటరులో, తీగల విలువ తీసేశాక, సుమారు 7 పికోఫారడ్లు వచ్చింది.

మా ఆఫీసులోని మిత్రుడి దగ్గర నానో వీఎన్ఏ (పౌనఃపున్యం మారుస్తూ సిగ్నలు ఎంత దాటిపోతుందో కొలిచే చిన్న పరికరం) తెచ్చుకుని క్రిస్టల్‌ను రెండు పోర్టుల మధ్య శ్రేణిలో పెట్టాను. 400 నుంచి 500 కిలోహెర్ట్జ్ దాకా స్వీప్ చేస్తే తెర మీద గీత చదునుగా ఉంది, శిఖరం ఎక్కడా లేదు. ఇది చూసి నాకు మళ్లీ నిరాశ కలిగింది.

తాంబరం_హామ్ (చెన్నై)

నిరాశ పడవలసిన పని లేదు. ఆ పరికరం ఒక స్వీప్‌లో 101 బిందువుల దగ్గర మాత్రమే కొలుస్తుంది. మీరు 100 కిలోహెర్ట్జ్ వెడల్పు తీసుకున్నారు కాబట్టి ఒక్కో అడుగు ఒక కిలోహెర్ట్జ్ అయింది. ఫిల్టరు క్రిస్టల్ శిఖరం వెడల్పు కొన్ని పదుల హెర్ట్జ్ మాత్రమే ఉండవచ్చు. రెండు అడుగుల మధ్య అది పూర్తిగా దాక్కుని ఉంటుంది, మీ కొలత దాని మీదుగా దూకి పోతుంది. స్వీప్ వెడల్పును 2 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి, అప్పుడు అడుగు 20 హెర్ట్జ్ అవుతుంది. 450 నుంచి మొదలుపెట్టి రెండేసి కిలోహెర్ట్జ్ చొప్పున 460 దాకా ఓపికగా వెతకండి. స్వీప్ వేగాన్ని కూడా తగ్గించండి, ఎందుకంటే అధిక క్యూ ఉన్న క్రిస్టల్ కంపించడం మొదలుపెట్టడానికీ ఆగడానికీ కొంత వ్యవధి కావాలి. తొందరగా పోతే శిఖరం పొట్టిగా, పక్కకు వాలినట్టు కనిపిస్తుంది.

శిఖరం దొరికితే దాని ఎత్తు నుంచి క్రిస్టల్ శ్రేణి నిరోధాన్ని లెక్క కట్టవచ్చు. పోర్టులు రెండూ 50 ఓమ్‌లవి కాబట్టి, నష్టం 26 డెసిబెల్స్ అయితే నిరోధం సుమారు 2 కిలోఓమ్‌లు, 36 అయితే 6 కిలోఓమ్‌ల పైన. పాత క్రిస్టల్ నీరసించిందా లేదా అన్నది ఈ ఒక్క అంకె చెప్తుంది. చెన్నై గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉన్నాయి కనుక, ఈ అంకె పెద్దదిగా వచ్చినా నేను ఆశ్చర్యపోను.

జయనగర్_శ్రోత (బెంగళూరు)

చర్చను పక్కకు తీసుకుపోతున్నానని అనుకోకండి, నాదీ క్రిస్టల్ గొడవే. నా దగ్గర యాయేసు కంపెనీ రిసీవరు ఎఫ్ఆర్‌జీ-7 ఉంది, మా మేనమామ ఓడ ఉద్యోగంలో ఉండగా తెచ్చినది. మెగాహెర్ట్జ్ డయల్‌ను ఎక్కడికి తిప్పినా లాక్ దీపం ఆరడం లేదు, అన్ని బ్యాండుల్లోనూ హోరు మాత్రమే. వాడ్లీ లూపులో (మెగాహెర్ట్జ్ అడుగులను స్థిరంగా ఉంచే సర్క్యూటులో) ఉండే 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పోయిందని చెప్పారు. మైక్రోకంట్రోలర్లలో వాడే చిన్న క్రిస్టల్ పెట్టవచ్చా?

వాల్వుల_మాస్టారు (బెంగళూరు)

జయనగర్ గారూ, మీ ప్రశ్న ఇక్కడ తగినదే. ఆ సెట్టులో 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒక్కటే అన్ని మెగాహెర్ట్జ్ అడుగులకూ హార్మోనిక్కులను (తన పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు ఇలా రెట్లను) పుట్టిస్తుంది. అది ఆగితే అన్ని బ్యాండులూ ఒకేసారి పోతాయి, మీ లక్షణం దానికి సరిపోతుంది. కాని దాని వెనక ఉన్న హార్మోనిక్ యాంప్లిఫయరు పోయినా, 52.5 మెగాహెర్ట్జ్ దారి తెగినా సరిగ్గా ఇదే లక్షణం కనిపిస్తుంది. రెండిటినీ వేరు చేయడానికి జేబు రేడియో చాలు. దాన్ని మధ్యతరంగాల్లో 1000 కిలోహెర్ట్జ్ దగ్గర స్టేషను లేని చోట పెట్టి, శబ్దం కాస్త పెంచి, ఎఫ్ఆర్‌జీ-7 మూత తీసి ఆసిలేటరు బోర్డు దగ్గరికి తీసుకురండి. క్రిస్టల్ కంపిస్తూ ఉంటే హోరు ఒక్కసారిగా అణిగి నిశ్శబ్దం వస్తుంది, సెట్టు స్విచ్చి ఆపగానే హోరు తిరిగి వస్తుంది. ఆ మార్పు వినిపిస్తే క్రిస్టల్‌ను ముట్టుకోకండి.

చిన్న క్రిస్టళ్ల గురించి ఒక హెచ్చరిక. మీది ట్రాన్సిస్టర్ సెట్టు కాబట్టి అంత ప్రమాదం లేదు. కాని వాల్వు ఆసిలేటర్లలో కొత్త చిన్న క్రిస్టల్ పెట్టేవారు దాని మీద పడే శక్తిని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. ఈనాటి చిన్న క్రిస్టళ్లు మైక్రోవాట్ల లెక్కలో తయారవుతాయి. వాల్వు వాటి మీదికి మిల్లీవాట్లు తోస్తుంది. మొదట పౌనఃపున్యం పాకుతుంది, తర్వాత ముక్క చిట్లుతుంది.

తాంబరం_హామ్ (చెన్నై)

కోడంబాకం గారు శిఖరం వెతుకుతూ ఉండగా, శుభ్రం చేసే పద్ధతి రాస్తాను. నా షార్ట్‌వేవ్ కన్వర్టరులో యుద్ధకాలపు ఎఫ్‌టీ-243 హోల్డర్లలోని 7 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు నాలుగు వాడుతున్నాను. వాటిలో రెండు, తెచ్చిన రోజున అసలు కంపించలేదు. ఆ హోల్డరులో పైన మూడు స్క్రూలు, మూత కింద రబ్బరు పట్టీ, స్ప్రింగు, రెండు లోహపు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య క్వార్ట్జ్ పలక ఉంటాయి. ఎలక్ట్రోడ్ల నాలుగు మూలలు మాత్రమే కాస్త ఉబ్బెత్తుగా ఉండి పలకను పట్టుకుంటాయి. మధ్యలో వెంట్రుకవాసి గాలి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి రబ్బరు పట్టీ కరిగిన జిగురు పాకితే క్రిస్టల్ ఊపిరాడక ఆగిపోతుంది.

నేను చేసినది ఇది. పలకను అంచులతో మాత్రమే పట్టుకుని, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో, మెత్తని పళ్ల బ్రష్షుతో రెండు వైపులా రుద్దాను. తర్వాత బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, ఫిల్టరు కాగితం మీద నిలబెట్టి ఆరబెట్టాను. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసినప్పుడు పలక మీద నీటి ఆవిరి పట్టినట్టు బూడిదరంగు పొర కనిపించింది. రెండోసారి కడిగాక గాని అది పోలేదు. ఎలక్ట్రోడ్లను కూడా అలాగే కడిగి, ఏ ముఖం ఎటు ఉందో ముందే గుర్తుపెట్టుకుని అలాగే తిరిగి కూర్చాను. రెండూ కంపించాయి, ఒకటి మాత్రం రాసి ఉన్న అంకె కంటె రెండు కిలోహెర్ట్జ్ పైకి వచ్చింది.

ఆ పైకి రావడానికి కారణం ఉంది. యుద్ధపు తొలి సంవత్సరాల్లో పలకలను అరగదీసి నేరుగా సరైన మందానికి తెచ్చేవారు. అలా అరగదీసిన ఉపరితలం కంటికి కనిపించని పగుళ్లతో నిండి ఉంటుంది. తేమ తగిలేకొద్దీ సన్నని రజను రాలుతూ, పలక పలచబడుతూ పౌనఃపున్యం పెరుగుతుంది, రాలిన రజను క్రిస్టల్‌ను నీరసింపజేస్తుంది. దానికి విరుగుడుగా చివరి కొద్ది మందాన్ని ఆమ్లంతో తినిపించే పద్ధతి వచ్చింది. 7 మెగాహెర్ట్జ్ ఏటీ-కట్ (ఒక నిర్దిష్ట కోణంలో కోసిన) పలక మందం మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు కాబట్టి, రవ్వంత రజను రాలినా అంకె మారిపోతుంది. ఆ తినిపించే పనికి వాడే అమ్మోనియం బైఫ్లోరైడు చర్మం గుండా ఎముక దాకా పోయే విషం. ఇంట్లో ఎవరూ దాని జోలికి పోవద్దని ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను.

కోడంబాకం_తరంగం (చెన్నై)

దొరికింది! 454 నుంచి 456 స్వీప్‌లో, 454.31 దగ్గర సూదిలాంటి శిఖరం నిలబడింది. ఆ చిన్న తెర మీద దాన్ని చూసినప్పుడు కలిగిన సంతోషం రాయలేను. నష్టం 36 డెసిబెల్స్ ఉంది, అంటే తాంబరం గారి లెక్క ప్రకారం 6 కిలోఓమ్‌ల పైన.

హోల్డరు మూత విప్పితే లోపల చింతగింజంత క్వార్ట్జ్ ముక్క రెండు లోహపు పలకల మధ్య ఉంది. ఒక పలక మూలన పచ్చని తుప్పు పాకి ముక్క అంచును తాకుతోంది. సబ్బు, డిస్టిల్డ్ వాటరు, ఆల్కహాల్ వరుసలో శుభ్రం చేసి, పిన్నులను కూడా తుడిచి మళ్లీ కొలిచాను. శిఖరం 454.36కు వచ్చింది, నష్టం 27కు తగ్గింది. అంటే నిరోధం 2 కిలోఓమ్‌ల పైచిలుకు మాత్రమే.

ఆ తర్వాత జనరేటరును 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు ద్వారా మిక్సరు వాల్వు గ్రిడ్డుకు ఇచ్చి, 2వ స్థానంలో ఎక్కడ గరిష్ఠంగా వస్తుందో చూశాను. 459.5 దగ్గర వచ్చింది! జనరేటరు అంకెను ఫ్రీక్వెన్సీ కౌంటరుతో సరిచూసుకున్నాను. మాస్టారు ఊహించినట్టే, క్రిస్టల్ ఒక చోట, ఐ.ఎఫ్. అయిదు కిలోహెర్ట్జ్ అవతల ఉన్నాయి.

వాల్వుల_మాస్టారు (బెంగళూరు)

చాలా సంతోషం. ఇప్పుడు తొందరపడకండి. హెచ్.టి. (అధిక వోల్టేజి) కండెన్సర్లు డిశ్చార్జి అయ్యాకే చేయి లోపల పెట్టండి. క్రిస్టల్‌ను సాకెట్టులో కూర్చోబెట్టే ముందు సాకెట్టు పట్టు బిగువుగా ఉందో లేదో చూడండి. పిన్నులకు టంకం వేయాలన్న ఆలోచన ఎవరిచ్చినా వినవద్దు, ఆ వేడి లోపలి జోడింపులను వదులు చేస్తుంది.

ఐ.ఎఫ్.ను సరిచేసేటప్పుడు నానో వీఎన్ఏ ఇచ్చిన 454.36ను కూడా గుడ్డిగా పెట్టకండి. సర్క్యూటులో కూర్చున్నాక చుట్టూ ఉన్న కెపాసిటెన్సు వల్ల అది కొన్ని హెర్ట్జ్ జరుగుతుంది. సెలెక్టివిటీ 5లో పెట్టి, ఏజీసీ (సిగ్నలు బలాన్ని బట్టి ధ్వనిని తనంతట తానే సమం చేసేది) ఆపి, జనరేటరును నెమ్మదిగా జరుపుతూ అవుట్‌పుట్ గరిష్ఠమయ్యే చోటు పట్టుకుని, జనరేటరును అక్కడే వదిలేయండి. తర్వాత 2వ స్థానానికి వచ్చి ఐ.ఎఫ్. కోర్లను ఒక్కొక్కటిగా ఆ గరిష్ఠానికి తిప్పండి. చివరగా ఫేజింగ్ ట్రిమ్మరును, శిఖరానికి రెండు వైపులా పడిపోవడం సమానంగా ఉండేలా సరిచేయండి. క్రిస్టల్ హోల్డరుకు ఉన్న ఆ 7 పికోఫారడ్ల ద్వారా సిగ్నలు దొంగదారిన పోకుండా ఆపేది ఆ ట్రిమ్మరే. ఐ.ఎఫ్. సరైన చోటికి వస్తే డయల్ కూడా దానంతట అదే దగ్గరికి వస్తుంది, కాబట్టి ఆసిలేటరు ట్రిమ్మర్లను ఇప్పుడే ముట్టుకోవద్దు.

జయనగర్_శ్రోత (బెంగళూరు)

మాస్టారూ, జేబు రేడియో పరీక్షలో 1000 దగ్గర హోరు పూర్తిగా అణిగింది, స్విచ్చి ఆపగానే తిరిగి వచ్చింది. క్రిస్టల్ క్షేమం. బోర్డు వెనక వైపు భూతద్దంతో చూస్తే హార్మోనిక్ యాంప్లిఫయరు దగ్గర ఒక కండెన్సరు కాలు చుట్టూ టంకంలో ఉంగరంలాంటి పగులు కనిపించింది. దాన్ని తిరిగి టంకం వేయగానే దీపం ఆరి స్టేషన్లు వచ్చాయి. 10 మెగాహెర్ట్జ్ దగ్గర చైనా బీపీఎం కాలసంకేతాలు రాత్రి బాగా వస్తున్నాయి కాబట్టి, 1 మెగాహెర్ట్జ్ పదో హార్మోనిక్కును దానితో సరిచూసి ట్రిమ్మరును కూడా పెట్టుకున్నాను. కొత్త క్రిస్టల్ కొనకుండా ఆపినందుకు మీకు కృతజ్ఞతలు.

కోడంబాకం_తరంగం (చెన్నై)

ఆదివారం మధ్యాహ్నమంతా ఈ పని మీదే కూర్చున్నాను. సర్క్యూటులో క్రిస్టల్ శిఖరం 454.4 దగ్గర నిలిచింది. కోర్లలో ఒకటి మైనంతో బిగుసుకుపోయి ఉంటే హెయిర్ డ్రయరుతో వెచ్చబెట్టి కదిలించాను. 720 స్టేషను ఇప్పుడు సూది మందంలోనే 720 దగ్గర వస్తోంది.

రాత్రి పదిన్నరకు విజయవాడ పెట్టి 3వ స్థానానికి తిప్పాను. ధ్వని పలచబడలేదు, పైగా ఇన్నాళ్లూ వెనక సన్నగా మోగుతూ ఉన్న పక్క స్టేషను ఈల ఆగిపోయింది. 5వ స్థానంలో పెట్టి 7 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండుకు వెళ్తే, గుంపులోంచి ఒక్క మోర్స్ సంకేతం మాత్రం వేరుపడి గంట కొట్టినట్టు వినిపించింది. మా నాన్నగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. 4వ స్థానంలో మాత్రం ధ్వని 3 కంటె కొంచెం తక్కువగా ఉంది.

వాల్వుల_మాస్టారు (బెంగళూరు)

ఫిల్టరు సన్నబడేకొద్దీ కొంత తగ్గడం సహజమే. ఎక్కువగా అనిపిస్తే తర్వాతి వంతు లోహపు డబ్బాల్లోని ఆ పాత కాగితపు కండెన్సర్లది. ఏఆర్88లో అవి లీకవడం మామూలు. ఒక్కోదాని ఒక కాలు విప్పి, వోల్టేజి మీద లీకేజీ కొలిచి, ఆ అంకెలను ఇక్కడే రాయండి.

కోడంబాకం_తరంగం (చెన్నై)

అలాగే మాస్టారూ. శనివారం మొదలుపెడతాను. క్రిస్టల్ హోల్డరు మీద 454.4 అని చిన్న కాగితం రాసి అంటించాను, తర్వాత విప్పేవారికి తెలియాలి కదా.